రెండు చింతగింజలు

కాలికి బలపం కట్టుకు తిరుగుతానని ఇంట్లో నాకు పేరు. బడిలో సోషల్ పాఠం చెబుతాను కాబట్టి ఆ పేరు కాస్త పనికొచ్చింది కూడా. పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్ళాలంటే హెడ్మాస్టరుగారు ముందు నా వైపే చూస్తారు. ఈ తిరుగుడు ఎక్కడ అబ్బిందండీ అని ఎవరైనా అడిగితే, చిన్నప్పుడు మా మేనత్త తిప్పిందండీ అంటాను. అది నిజమే గానీ సగం నిజం. మిగతా సగం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అత్తయ్య మా నాన్నగారికి చెల్లెలు. అమలాపురంలో మాకు రెండు వీధుల అవతల ఉండేది. పెళ్ళయి పదేళ్ళు దాటినా పిల్లల్లేరు. డాక్టర్లూ మందులూ అన్నీ అయ్యాక, వాడపల్లి వెంకన్నకి మొక్కుకోమని ఎవరో చెప్పారు. వరసగా ఏడు శనివారాలు వెళ్ళాలి. వెళ్ళిన ప్రతిసారీ గుడి చుట్టూ ఏడు ప్రదక్షిణలు చెయ్యాలి. మామయ్యది కొబ్బరికాయల వ్యాపారం, శనివారం ఆయనకి లారీ లోడు ఎత్తే రోజు. అందుకని తోడుగా నన్ను తీసుకెళ్ళింది. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు.

అత్తయ్యకి బస్సు పడదు. కొత్తపేట చేరేలోపే తల తిరిగేది, రావులపాలెంలో దిగేసరికి ముఖం పాలిపోయేది. అలాంటి మనిషికి కిటికీ పక్క సీటు కావాలని తొమ్మిదేళ్ళ వాడికి కూడా తెలియాలి. నాకు తెలుసు. అయినా ఏడు వారాలూ ఆ సీటు నాదే. ఆవిడ నా పక్కన నిమ్మకాయ వాసన చూసుకుంటూ, కళ్ళు మూసుకుని, "నువ్వు చూడు నాన్నా, చూసింది నాకు చెప్పు" అనేది. నేను చెప్పేవాణ్ణి. అరటితోటలు, ఇటుక బట్టీలు, లారీ మీద నిద్రపోతున్న మనిషి, ఏది కనిపిస్తే అది. చూసిందాన్ని ఇంకొకరికి చెప్పడం నేను అక్కడే నేర్చుకున్నాను. ఇప్పుడు దాంతోనే బతుకుతున్నాను.

గుడి దగ్గర నాకో ఉద్యోగం ఉండేది. ఎడమ జేబులో ఏడు చింతగింజలు. ఒక్కో ప్రదక్షిణ పూర్తవగానే ఒక్కో గింజ కుడి జేబులోకి మార్చాలి. "లెక్క నేను పెట్టుకుంటే మనసంతా లెక్క మీదే ఉంటుందిరా. గోవిందనామం నోట్లోనే ఉండిపోద్ది" అనేది అత్తయ్య. నేను ఆవిడ కొంగు పట్టుకుని నడిచేవాణ్ణి. ఆరు శనివారాలు ఒక్క గింజ కూడా తప్పలేదు.

రావులపాలెంలో బస్సు దిగి ఆటో ఎక్కితే, దారిలో లొల్ల లాకులు వచ్చేవి. పెద్ద కాలవకి అడ్డంగా తలుపులు, వాటి కిందనుంచి నురుగుతో దూకే నీళ్ళు. ఆటో అక్కడ ఆగకుండా పోయేది. నేను వెనక్కి తిరిగి మెడ నొప్పెట్టేదాకా చూసేవాణ్ణి. దిగుదాం అని ప్రతి వారం ప్రాణం తీసేవాణ్ణి. "ఆఖరి వారం దిగుదాంలే. గుడి దగ్గర తొందరగా అయిపోతే" అంది.

ఆ "అయిపోతే" అన్న ఒక్క మాట నా బుర్రలో ఉండిపోయింది. ఏడో శనివారం జనం ఎక్కువగా ఉన్నారు. ప్రదక్షిణ నడక కాదు, జరగడం. ఎండకి రాయి కాళ్ళు కాల్చేస్తోంది. నాలుగు ప్రదక్షిణలయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంక లొల్ల లేదు, ఏమీ లేదు, తిన్నగా ఇంటికే అనిపించింది. ఏడుపొచ్చింది. ఐదోది పూర్తవగానే ఎడమ జేబులో చెయ్యి పెట్టాను. మూడు గింజలున్నాయి. మూడూ ఒక్కసారే మార్చేశాను.

"అయిపోయేయత్తయ్యా" అన్నాను.

"అప్పుడేనా?" అంది. తర్వాత తనే, "నువ్వు లెక్క తప్పవులే" అని ధ్వజస్తంభం దగ్గర సాష్టాంగపడింది. ఆవిడ చాలాసేపు లేవలేదు. నేను ఆటోలకేసి చూస్తున్నాను.

లొల్లలో దిగాం. అలాంటి గంట నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు. హంపి చూశాను, కాశీ చూశాను, కన్యాకుమారి చూశాను, అయినా ఆ మాట మారదు. కాలవ అక్కడ పాయలుగా విడిపోతోంది. అత్తయ్య గట్టు మీద కూర్చుని, ఒక పాయ చూపించి, "ఇదే నీళ్ళురా మన వీధి చివర కాలవలోకి వచ్చేది. మీ అమ్మ రేపు చూసే నీళ్ళు నువ్వివాళ చూస్తున్నావు" అంది. అప్పటిదాకా మా కాలవ మా వీధిలోనే పుట్టి మా వీధిలోనే పారుతోందనుకునేవాణ్ణి. ఎక్కడి నీళ్ళో మన ఇంటిదాకా వస్తాయని, మనం చూడని చోటికి కూడా మన నీళ్ళు పోతాయని ఆ పూట తెలిసింది. ఇప్పుడు క్లాసులో నేను చెప్పే జాగ్రఫీ అంతా ఆ ఒక్క వాక్యమే. అత్తయ్య ముఖం కూడా వెలిగిపోతోంది. మొక్కు తీరిందనుకుంటోంది పాపం.

పిల్లలు పుట్టలేదు. రెండు ప్రదక్షిణలు తగ్గినందుకు దేవుడు అలిగాడని చదువుకున్నవాణ్ణి, నేనెలా అనను? అనను. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఎవరి నోట విన్నా ఆ పూజారి ముఖం నాదే అనిపిస్తుంది. ఒకసారి భోజనాల దగ్గర ఎవరో వాడపల్లి మాటెత్తితే, అత్తయ్య మామూలుగా, "నేనూ వెళ్ళేనండి ఏడు వారాలు. నా మొక్కులోనే ఏదో లోపం ఉండుంటుందండి" అంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను విస్తట్లోంచి తలెత్తలేకపోయాను. లోపం ఎవరిదో చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. నేను పెరుగు వడ్డించమన్నాను.

ఆ ప్రయాణం నాకు లోకాన్ని చూపించింది. ఎలా చూడాలో కూడా నేర్పింది, అదే నా బాధ. ఎదుటివాళ్ళ పని ఎక్కడ సగంలో ఆపిస్తే నేను చూడాలనుకున్నది దొరుకుతుందో నాకు ఇట్టే తెలిసిపోతుంది. కాశీలో అమ్మ ఇంకొక్క ఘట్టంలో మునుగుతానంటే రైలు టైమైందని లాక్కొచ్చాను. రైలుకి ఇంకా మూడు గంటలుంది. ఇలాంటివి చాలా ఉన్నాయి. తిలాపాపం తలాపిడికెడు అంటారు గానీ, నా పాపాన్ని పంచుకునేవాళ్ళు కూడా లేరు.

ఈ మధ్య నా భార్యకి సీమంతం చేశాం. గాజులు తొడగడానికి పిల్లల తల్లుల్ని పిలుస్తుంటే, ఎవరూ ఏమీ అనకముందే అత్తయ్య వంటింట్లోకి వెళ్ళిపోయింది. చలిమిడి ఉండలు చేస్తూ కూర్చుంది. నేను గుమ్మం దాకా వెళ్ళాను. ఆవిడ తల తిప్పకుండానే, "నీ పెళ్ళాం సుఖంగా ప్రసవించాలని వాడపల్లికి ఏడు శనివారాలు మొక్కుకున్నాన్రా. నన్ను తీసుకెళ్ళాలి" అంది.

ఇప్పుడు కారుంది. కిటికీ పక్కన ఆవిడే కూర్చుంది. జనం అప్పటికి పదింతలున్నారు, అత్తయ్యకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. మొదటి శనివారమే కొంగు ముడి విప్పి నా చేతిలో ఏడు చింతగింజలు పెట్టింది. "లెక్క నువ్వే చూడు. నీ లెక్కయితే నాకు దిగులుండదు" అంది.

ఆరు వారాలు పిడికిలి బిగించి లెక్కపెట్టాను. నా బిడ్డ కోసం కదా, ఒక్క గింజ జారనివ్వలేదు. ఆ సంగతి తట్టినప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది. ఏడో శనివారం ఏడో ప్రదక్షిణ పూర్తయింది. గింజలన్నీ కుడి జేబులోకి వచ్చేశాయి. అత్తయ్య నా భుజం పట్టుకుని ఆయాసపడుతూ నిలబడింది.

"అయిపోయేయా నాన్నా?"

అన్నీ చెప్పేద్దామనే నోరు తెరిచాను. "ఇంకా రెండున్నాయత్తయ్యా" అన్నాను.

"ఆయ్, అలాగే" అని మళ్ళీ కదిలింది. బాకీపడ్డ ఆ రెండూ ఆవిడ చేత నడిపించాను. అరిగిన మోకాళ్ళతో, అడుగు అడుగుకీ గోవిందా అంటూ నడిచింది. తప్పు నాది, నడక ఆవిడది. అది దిద్దుబాటో, ఇంకో అబద్ధమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

అయ్యాక మెట్టు మీద కూలబడి మోకాళ్ళు నొక్కుకుంది. నేను మంచినీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాను. రెండు గుక్కలు తాగి నా వైపు చూసి నవ్వింది.

"పెద్దదాన్నయిపోయేన్రా. చిన్నప్పుడు నువ్వు లెక్కపెట్టినప్పుడు, ఏడూ ఎంత తొందరగా అయిపోయేవో."