హైఫాంగ్‌లో నేను పళ్లెం మోసిన వైనం

కొత్తగా జీతం చేతికొస్తున్న ఆ రోజుల్లో, రాయదుర్గంలోని మా ఆఫీసులో వీపున సంచి తగిలించుకుని ఒక్క విదేశమైనా తిరిగి రానివాడికి క్యాంటీన్ బల్ల దగ్గర నోరెత్తే అర్హత ఉండేది కాదు. ఒకడు బాలి అనేవాడు, ఇంకొకడు అల్మాటీ అనేవాడు, నేను సాంబారు అనేవాణ్ని. (ఆ సాంబారు మీద నేనిచ్చిన ఫిర్యాదుకు ఇప్పటికీ జవాబు రాలేదు. అది వేరే సంగతి.) ఆ అవమానం భరించలేక, హఫీజ్‌పేట్‌లో నాతో గది పంచుకుంటున్న సహోద్యోగితో కలిసి వియత్నాం బయల్దేరాను. వాడికి మేం పెట్టిన పేరు మ్యాపన్న. ఫోన్‌లో దారి చూసుకోకుండా వంటింట్లోకి కూడా వెళ్లడు. ప్రయాణానికి ముందు మెట్రో స్టేషన్లో, పదిమంది వింటుండగా వాడన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "రోజూ దిగే స్టేషన్ల ఏ గేటుకెల్లి బయటపడాల్నో తెల్వదు నీకు. గా దేశంల ఏం తిరుగుతవ్ రా?" నేను తప్పు గేటు నుంచి వెళ్లిన మాట నిజమే. ఒక్కసారే. రెండోసారి బోర్డు సరిగ్గా పెట్టలేదు కనుక అది లెక్కలోకి రాదు.

హైఫాంగ్ నది ఒడ్డున ఉన్న ఓడరేవు పట్టణం. ఏ వీధిలో నిలబడ్డా ఇళ్ల కప్పులపైన రేవు క్రేన్లు కనిపిస్తుంటాయి కాబట్టి ఇక్కడ దారి తప్పడం ఎవరి వల్లా కాదని మొదటిరోజే తేల్చేశాను. అన్ని వైపులా కనిపించేదాన్ని పట్టుకుని ఎటువైపూ పోలేమన్న సంగతి ఇంకా తట్టలేదు. ఆ మధ్యాహ్నం మేం ఒక దీవికి వెళ్లే పడవ ఎక్కాలి. హాస్టల్ ఖాళీ చేసి బయల్దేరే ముందు మ్యాపన్న ఒక పని చేశాడు. నా ఆఫీసు ట్యాగులో (అవును, సెలవులోనూ తీసుకెళ్లాను, మెడలో అది లేకపోతే మాకు చొక్కా లేనట్టే ఉంటుంది) పడవ ఎక్కాల్సిన జెట్టీ పేరు రాసిన చీటీ పెట్టి, హాస్టల్ అమ్మాయి చూస్తుండగా నా మెడలో వేశాడు. "తప్పిపోతే ఏడ్వకు. ఎవలకన్న సూపియ్యి" అన్నాడు. ఆ అమ్మాయి నవ్వింది. ఆ నవ్వును కూడా వాడి ఖాతాలోనే రాసుకున్నాను.

రెండు వీధులు దాటాక వాడు ఎడమకు అన్నాడు, నేను కుడికి అన్నాను.

"మ్యాపుల ఎడమకే ఉన్నది రా భై."

"నది ఏడున్నదో నీ మ్యాపుకేం తెలుసు? గాలి ఇటుకెల్లి వస్తున్నది. నీకంటె ముందుగాల నేనే ఉంట జెట్టీకాడ."

"ఉండు మరి. పడవ టైముకు రాకపోతివో, ఎక్కిపోత. ఇగ సూడు!"

ట్యాగు తీసి అక్కడున్న చెత్తబుట్టలో పడేసి, కుడివైపు గట్టిగా అడుగులు వేసుకుంటూ వెళ్లాను. కొంతసేపు చాలా ఆనందంగా ఉంది. తురాయి చెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి, బుల్లి ప్లాస్టిక్ స్టూళ్ల మీద జనం గోధుమరంగు నూడుల్స్ తింటున్నారు. ఆ తర్వాత అవే చెట్లు, అవే స్టూళ్లు మళ్లీ ఎదురయ్యాయి. స్థానిక సిమ్ మ్యాపన్న ఫోన్‌లో ఉంది, జెట్టీ పేరు చెత్తబుట్టలో ఉంది, పడవ తప్పితే జీవితాంతం వినాల్సిన మాటలు నా ముందున్నాయి. ఎలాగైనా వాడికంటే ముందు ఆ పడవ దగ్గర నిలబడాలి.

అప్పుడు నాకు మన ఊరి పద్ధతి గుర్తొచ్చింది. మా ఐటీ కారిడార్‌లో సాయంత్రమైతే ప్రతి కారూ షేర్ ఆటోయే. రోడ్డు పక్కన నిలబడి వెళ్లాల్సిన దిక్కుకు చేయి చూపిస్తే, ఆఫీసువాళ్లను దింపి ఖాళీగా పోతున్న డ్రైవరన్న ఆపుతాడు. తలుపు తీసి "జర జరుగన్నా" అని కూర్చోవడమే. నేను క్రేన్లున్న ఒక దిక్కుకు చేయి చూపించాను. తెల్ల వ్యాను ఒకటి ఆగింది. తలుపు జరిపి, "జర జరుగన్నా" అని కూర్చున్నాను. (ముందు పోతున్న తమవాళ్ల బండి ఆగినందుకు వాళ్లు ఆగారని తర్వాత అర్థమైంది. ఆ సంగతి వాళ్లు అక్కడే చెప్పి ఉండాల్సింది.)

లోపల అందరూ పట్టుబట్టలు కట్టుకున్నారు. ఒళ్లో ఎర్రగుడ్డ కప్పిన పళ్లేలున్నాయి. ఒక ముసలమ్మ నన్ను తేరిపార చూసి, కొంచెం జరిగి, తమలపాకులో వక్క పెట్టి ఇచ్చింది. నోట్లో వేసుకున్నాను. షేర్ బండిలో ఇంత మర్యాద నానక్‌రామ్‌గూడ దారిలో నాకెప్పుడూ జరగలేదు. "బోట్, బోట్" అన్నాను. అందరూ తలలూపారు. తెడ్డు వేస్తున్నట్టు చేతులు ఆడించాను. డాన్స్ అనుకున్నారేమో, వెనక సీటువాళ్లు చప్పట్లు కొట్టారు.

వ్యాను రేవు దగ్గర కాదు, పూల తోరణం కట్టిన ఇంటి ముందు ఆగింది. నిశ్చితార్థం. పెళ్లికొడుకు వైపు కుర్రాళ్లు పళ్లేలు పట్టుకుని వరసలో నిలబడుతున్నారు. ఒకడు తక్కువయ్యాడు. పళ్లెం మోసేవాడు పెళ్లికానివాడై ఉండాలట. ముసలమ్మ తన ఉంగరపు వేలు చూపించి నావైపు చూసింది. పెళ్లి కాలేదని తల అడ్డంగా ఊపాను. మరుక్షణం నా వీపు మీది సంచి ఎవరి చేతిలోకో పోయింది, నా చేతుల్లోకి వక్కల గెల ఉన్న పళ్లెం వచ్చింది. ఎదురు వరసలోని అమ్మాయి ఒకామె సిగ్గుపడుతూ దాన్ని అందుకుంది. నా జీవితంలో నేను ఇచ్చింది తిప్పిపంపకుండా తీసుకున్న మొదటి మనిషి ఆమె.

టీ ఇచ్చారు, పచ్చని జిగురు మిఠాయి పెట్టారు. గడియారం చూస్తూ నేను నమల్లేకపోయాను. చివరికి బల్ల మీది కాగితం రుమాలుతో పడవ చేసి టీ కప్పుల మధ్య వదిలాను. ఇల్లంతా ఘొల్లున నవ్వింది. పెళ్లికూతురి తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వుతూనే బైకు తీసి, నా సంచితో, మిఠాయి పొట్లంతో సహా నన్ను ఎక్కించుకుని, సందుల్లోంచి రేవుకు తెచ్చి పడేశాడు.

జెట్టీ ఖాళీగా ఉంది. పడవ దూరంగా నీటి మీద చిన్నదైపోతోంది. మెట్ల మీద మ్యాపన్న కూర్చుని ఉన్నాడు, సంచీ ఒళ్లో పెట్టుకుని. ఫోన్ జేబులో ఉంది.

"ఏడికి పోయినవ్ రా?"

"నిశ్చితార్థానికి."

"ఎవల్ది?"

"తెల్వదు."

వాడు నన్ను, నా నోటి ఎర్రదనాన్ని చూశాడు. "తిన్నవా?" అన్నాడు. పొట్లం విప్పాను. ఇద్దరం కాళ్లు చాపుకుని తిన్నాం.

తిట్టి ఉంటే గొడవ తీరిపోయేది. వాడు తిట్టలేదు. ఎక్కిపోతానని అంత ఖచ్చితంగా చెప్పినవాడు ఎందుకు ఎక్కలేదో ఇన్నేళ్లలో ఒక్క ముక్క చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇచ్చిన మాట తప్పడం నాకు గిట్టదు. వాడి మీద నాకున్న ఫిర్యాదుల్లో ఇదే అన్నిటికంటే పెద్దది. ఎప్పుడైనా తలచుకున్నప్పుడు, మెట్ల మీద ఇంకా అలక మొహంతోనే, రెండో ముక్క కోసం చేయి చాపుతున్న, అప్పటి నేనైన ఆ కుర్రాడు కనిపిస్తాడు. ఎంత మొండివాడో, పాపం. ఆ సాయంత్రానికి వాడికి వెళ్లాల్సిన చోటంటూ ఏదీ మిగల్లేదు, అయినా ఏదో గెలిచినట్టే కూర్చున్నాడు.