కాంట్రాక్టు నౌకరి

నేను లా కాలేజీలో అంతర్జాతీయ చట్టం చెబుతాను. మా ఆయన దాన్ని ‘ఎవ్వరూ వినని చట్టం’ అంటారు. ఆయనకు జవాబు చెప్పడం మానేసి చాలా ఏళ్లయింది.

నాచారంలో మా పై పోర్షన్‌లో ఒక జంట కిరాయికి ఉండేది. ఆమె మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసేది, అతను పక్క ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ. ఉప్పల్‌లో ఒక ఏజెంటు అతనికి పరాయి దేశంలో సెక్యూరిటీ పని చూపించాడు. “కాంట్రాక్టు నౌకరి, ఏడాదే” అన్నాడట. మల్లాపూర్‌లో కాంట్రాక్టు అంటే ఏమిటో అతనికి బాగా తెలుసు: ఏజెన్సీ వాళ్లు ఒక ఈల ఇస్తారు, ఒక గేటు చూపిస్తారు, నచ్చకపోతే మర్నాడు మానేయొచ్చు. ఆ ధీమాతోనే విమానమెక్కి, అక్కడ తనకు చదవరాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టాడు. అది సైన్యంలో చేరే కాంట్రాక్టు. మూడు వారాలకే యుద్ధంలోకి తోలారు. “ఈడ గేటే లేదే” అని భార్యకు ఫోన్ చేశాడు. అదే ఆఖరి ఫోన్.

ఆమె నా దగ్గరికొచ్చింది. “వస్తడా, రాడా? గదొక్కటి చెప్పక్కా.”

అక్కడి మన రాయబార కార్యాలయానికి ఎన్ని అర్జీలు రాశానో! ఆ పేరుతో ఎవరూ నమోదు కాలేదని జవాబు. ఉప్పల్ వెళితే ఏజెంటు ఆఫీసుకు టులెట్ బోర్డు వేలాడుతోంది. నా పిచ్చి గానీ, ఉంటాడా వాడు!

ఆ వారమే నేనొక సిగ్గుమాలిన పని చేశాను. అతని సంగతే, పేరు తీసేసి, క్లాసులో ప్రశ్నగా ఇచ్చాను. మనుషుల అక్రమ రవాణాకు బలైనవాడని సగం మంది, సైనికుడే కనుక యుద్ధఖైదీ హక్కులుంటాయని సగం మంది. ‘కిరాయి సైనికుడు’ అన్నాడొకడు. సైన్యంలో చేర్చుకున్నవాణ్ని చట్టం అలా అనదని వివరించాను. చర్చ భలేగా సాగిందని మురిసిపోతూ ఇంటికొచ్చి, నోరు ఊరుకోక ఆ ‘కిరాయి సైనికుడు’ మాటతో సహా ఆమెతోనూ అన్నాను.

“మేం కిరాయికుంటున్నం గని, మా ఆయన కిరాయోడు గాదక్కా” అంది.

ఆమె రోజూ పొద్దున్నే డ్యూటీకి పోయే ముందు అతనికి మెసేజ్ పెట్టేది. ఏం కూర వండింది, నల్లా వచ్చిందా లేదా. నెల రోజులు ఒక్కటే టిక్కు. ఒకరోజు మెట్లు దూకుతూ వచ్చింది. “సూసిండక్కా! సూసిండు!” రెండు టిక్కులు నీలం రంగులోకి మారి ఉన్నాయి.

అప్పట్నుంచి ప్రతి మెసేజూ ఎవరో చదువుతున్నారు. జవాబు లేదు. ఫోన్ చేస్తే కట్ అవుతోంది. “అలిగిండేమో” అని నవ్వేది. ఒకసారి నా ముందే ‘తిన్నవా?’ అని పంపింది. చూస్తుండగానే టిక్కులు నీలమయ్యాయి. అవతల ఎవరో మమ్మల్ని చూస్తున్నట్టే అనిపించింది. చదువుతున్నది అతను కాదేమోనన్న నా భయం ఆమెకు చెప్పలేదు. పిరికిదాన్ని.

ఆదివారం మధ్యాహ్నం గోరుచిక్కుళ్లు తుంచుతుంటే ఫోన్ పట్టుకుని వచ్చింది. అతని నంబరు నుంచి వాయిస్ మెసేజ్. నొక్కడానికి ఆమెకు చెయ్యి రాలేదు. నేనే నొక్కాను.

తెలుగే. గొంతు మాత్రం అతనిది కాదు.

“అక్కా, మాఫ్ జెయ్యి. నాకిచ్చిన కోటు జేబుల గీ ఫోన్ దొరికింది. ముందుగాల గా కోటు ఎవరిదో నాకు తెల్వది. రోజూ నీ మెసేజులు సదువుతున్న, జెప్పనీకి నోరు రాలె. నేను గూడ కాంట్రాక్టు మీదనే వచ్చిన. మా అమ్మకు జర ఫోన్ జెయ్యవా?” తర్వాత ఒక నంబరు, రెండుసార్లు.

ఆమె ఏడవలేదు. నంబరు రాసుకోమని నాకు సైగ చేసింది. రాశాక, “కోటుకు చిల్లు గిట్ల ఉన్నదా అడుగక్కా” అంది.

టైప్ చేశాను. టిక్కులు నీలమయ్యాయి. అవతలి మనిషి రాస్తున్నాడు, ఆపుతున్నాడు, మళ్లీ రాస్తున్నాడు. చివరికి వచ్చింది.

“కుట్టిచ్చిన్రు అక్కా.”