హుసేన్ మేస్త్రీ కారులో బజ్జీల వాసన

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఎండాకాలం మొదట్లో నన్ను కర్నూలు నుంచి కడప సర్వీసు సెంటరుకు బదిలీ చేశారు. హోదా సీనియర్ డయాగ్నస్టిక్ టెక్నీషియన్. కారుకు ఏం రోగమో చెప్పడం నా పని. బాగుచేసేవాళ్ళు వేరే ఉంటారు. చెప్పింది తప్పయితే మాటపడేది మాత్రం చెప్పినవాడే. నాతోపాటు ఒక స్కానరు కూడా బదిలీ అయింది. నాకు అద్దె ఇల్లు దొరకడానికి పదకొండు రోజులు పట్టింది. స్కానరుకు దిగిన గంటలోనే ఏసీ గది, తాళం, కింద వేసుకోవడానికి రెండు దిండ్లు దొరికాయి.

స్కానరు గురించి ఒక మాట చెప్పాలి. ఇప్పటి ఇంజనులో సెన్సర్లనే చిన్న చిన్న గూఢచారులుంటారు. గాలి ఎంత వస్తోంది, వేడి ఎంత ఉంది అని క్షణక్షణం కంప్యూటరుకు చాడీలు చెబుతుంటారు. ఎవడి మాటైనా పొంతన కుదరకపోతే కంప్యూటరు ముందు అద్దం కింద పసుపుపచ్చ దీపం వెలిగిస్తుంది. స్టీరింగు కిందున్న సాకెట్టులో స్కానరు గుచ్చితే, ఏ గూఢచారి మాట తేడాగా ఉందో కోడ్ రూపంలో చెబుతుంది. వాడికి ఆ గతి ఎందుకు పట్టిందో మాత్రం చెప్పదు. ఆ సంగతి నాకు తెలియాలి. అప్పట్లో తెలుసనే అనుకునేవాణ్ణి.

చేరిన మూడో వారంలో వేంపల్లె నుంచి హుసేన్ మేస్త్రీ వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ట్రాక్టర్లు బాగుచేసిన మనిషి. వేంపల్లె చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని ట్రాక్టరు ఏదైనా ఉంటే అది ఇంకా షోరూము దాటలేదని లెక్క. ఆయన భార్య మస్తానమ్మకు మూత్రపిండాలు పాడైపోయాయి. వారానికి రెండుసార్లు కడపలో డయాలసిస్ చేయించాలి. బస్సులో ఆమె పడుతున్న అవస్థ చూడలేక పెట్రోలు కారు కొన్నాడు.

“మంగళారం, శుక్రారం ఇంటామెకు రక్తం కడిగీయాల సారూ. ఒక్కపూట తప్పితే కాళ్ళు వాస్తాయి, ఊపిరాడదు. ఈ బండి నడిమధ్యలో నిలబడకూడదు. నాకు ఇంకేం వద్దు,” అన్నాడు.

ఎత్తు ఎక్కేటప్పుడు కారు గుంజుకోవడం లేదు. దీపం వెలుగుతోంది. రెండుసార్లు ఉన్నట్టుండి ఆగిపోయింది. జాబ్ కార్డు, అంటే ప్రతి కారుకూ మేం రాసే రోగుల చీటీ, దాంట్లో ఒక నిలువు వరుస ఉంటుంది: ‘ఇంటివద్ద ఏమైనా విప్పారా?’ అడిగాను.

“నేనా? దీని జోలికే పోలేదప్పా. కంప్యూటర్ బండి కదా,” అన్నాడు మేస్త్రీ, బానెట్ ఏ మీట లాగితే తెరుచుకుంటుందో నాకు చూపిస్తూ.

ఇంజను గది చూసి నేను ముగ్ధుణ్ణయ్యాను. మా వర్క్స్ మేనేజరు టిఫిన్ క్యారియరు కూడా అంత శుభ్రంగా ఉండేది కాదు. గాలి వడపోత పెట్టె అద్దంలా మెరుస్తోంది, లోపలి ఫిల్టరు పెళ్ళికూతురి చీర మడతల్లా తెల్లగా ఉంది. వాహనాన్ని ఎలా చూసుకోవాలో ఈయన దగ్గర నేర్చుకోండి అని షెడ్డులో ఉన్న నలుగురికీ ప్రసంగం కూడా చేశాను.

కోడ్ చెప్పింది గాలి కొలత తక్కువని. ఆ కొలిచే సెన్సరులో తలవెంట్రుకంత తీగ ఒకటి కరెంటుతో కాగుతూ ఉంటుంది. గాలి తగిలి ఎంత చల్లబడిందో చూసి, ఇంజనులోకి ఎంత గాలి పోతోందో కంప్యూటరు లెక్కగట్టి, దానికి తగిన పెట్రోలు ఇస్తుంది. ఆ తీగ మీద పల్చటి పొర పట్టి ఉంది. సీమలో పనిచేసే టెక్నీషియనుకు కారణం తెలియనప్పుడల్లా ఆదుకునే మాట ఒకటుంది. దాన్నే కార్డులో రాశాను: దుమ్ము. తీగను స్ప్రేతో కడిగించి, కోడ్ చెరిపి పంపించాను.

పదిహేను రోజులకు కారు మళ్ళీ వచ్చింది. అదే దీపం, అదే కోడ్, అదే మెరుపు. ఈసారి సెన్సరే మార్పించేశాను. కారణం అనే చోట ‘అధిక దుమ్ము’ అని రాశాను. ఒకే జబ్బుతో కారు తిరిగొస్తే మా భాషలో రిపీట్ జాబ్ అంటారు. బోర్డు మీద టెక్నీషియన్ పేరు ఎర్రసిరాతో రాస్తారు. మేనేజరు నా పేరు ఎంత ఓపికగా, ఎంత గుండ్రంగా రాశాడంటే, నా పెళ్ళిపత్రికలో కూడా అంత అందంగా అచ్చు కాలేదు. మూడోసారి వస్తే స్కానరు తాళం ఇంకొకరి చేతికి పోతుందని కూడా మర్యాదగానే చెప్పాడు.

మూడోసారి కారు రాలేదు. ఒక శుక్రవారం పొద్దున ఫోను వచ్చింది.

“యాడుండావప్పా? బండి నిల్చిపాయ. కడప ఇంకా పన్నెండు కిలోమీటర్లు ఉండాది. పదింటికి ఆస్పత్రిలో మంచం ఇస్తారు. ఈడ నీడ గూడా లేదు.”

తొమ్మిదిన్నరయింది. సర్వీసు కారు తీసుకుని వెళ్ళాను. మస్తానమ్మ డోరు తెరుచుకుని ముందు సీట్లోనే కూర్చుని ఉంది. పాదాలు అప్పటికే ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. రోగం తరువాత, ముందు రోగి. ఆమెను నా కారులో ఎక్కించుకున్నాను. మేస్త్రీ తన బండి దగ్గరే ఉంటానన్నాడు. అలా ఉండిపోవడానికి ఆయన చూపిన ఉత్సాహం నాకు కొంచెం వింతగా తోచింది.

దారిలో ఆమె గాలి పీల్చి, “ఈ కార్లో వాసన రాదే నాయనా,” అంది.

ఏం వాసనమ్మా అని అడిగాను.

“మిరపకాయ బజ్జీలు కాలుస్తాండే వాసన. డాక్టరు నూనె వస్తువు ముట్టద్దన్యాడు. ఆ కారెక్కితే చాలు, కడపదంకా నోరూరి సస్తా. చెప్తే నీకు తిండి యావ ఎక్కువైందంటాడు మేస్త్రీ.”

పన్నెండేళ్ళ సర్వీసులో అంత స్పష్టమైన ఫిర్యాదు నేను వినలేదు. మా స్కానరుకు నూట యాభై రకాల పరీక్షలు తెలుసు. ముక్కు మాత్రం లేదు.

ఆస్పత్రికి పది నిమిషాలు ఆలస్యంగా చేరాం. నర్సు ఆమె కోసం మంచం ఆపి ఉంచింది. ఆమెను అప్పగించి వెనక్కి వచ్చేసరికి మేస్త్రీ బానెట్ ఎత్తి, ఒక చేత్తో ఫిల్టరు, ఇంకో చేత్తో తువ్వాలు పట్టుకుని ఉన్నాడు. ఫిల్టరు నుంచి నూనె చుక్కలు చుక్కలుగా కారుతోంది. డిక్కీలో కొత్త ఫిల్టరు ఒకటి ప్లాస్టిక్ కవరులో సిద్ధంగా ఉంది.

పాత ట్రాక్టర్లలో గాలి వడపోతకు కింద ఒక నూనె గిన్నె ఉంటుంది. దుమ్మంతా ఆ నూనెలో చిక్కుకుంటుంది. మేస్త్రీ జీవితమంతా ఆ గిన్నెలు నింపినవాడు. కారు గాలి పెట్టె తెరిచి చూస్తే చుక్క నూనె లేదు.

“కంపెనోళ్ళు మర్చిపోయినారనుకున్యా,” అన్నాడు.

ఫిల్టరు వాసన చూసి, వేరుశనగ నూనె ఎందుకని అడిగాను.

“ఇంజనాయిలు వాసనంటే ఇంటామెకు వాంతి. అందుకే మంచి గానుగ నూనె పోస్తి. తినేదే కదా.”

మరి మా దగ్గరికి తెచ్చిన ప్రతిసారీ ఫిల్టరు తెల్లగా ఎందుకుందన్నాను.

“డాక్టరు కాడికి పోయేటప్పుడు స్నానం జేసి పోమా ఏందప్పా?”

నూనె ఆవిరి వెళ్ళి సెన్సరు తీగ మీద పొరగా కాలింది. గాలి తగిలినా తీగకు తెలియలేదు. కంప్యూటరు గాలి తక్కువనుకుని పెట్రోలు తగ్గించింది. పెట్టె అడుగు నుంచి కారిన చుక్కలు వేడి పైపు మీద పడి వేగాయి. ఆ వాసన తినకూడని మనిషి ముక్కుకు చేరింది.

పెట్టె తుడిచి, పొడి ఫిల్టరు పెట్టి, తీగ కడిగి, కోడ్ చెరిపాను. సర్వీసు కారును సెంటరులో వదిలి, మధ్యాహ్నం ఆమెను ఎక్కించుకోవడానికి మేస్త్రీ కారులోనే వెళ్ళాం. మస్తానమ్మ కూర్చుని రెండుసార్లు గాలి పీల్చింది. “పాయ,” అంది. ఆ గొంతులో కొంత నిరాశ కూడా ఉంది. ఆమెది తిండి యావ కాదని మేస్త్రీకి అప్పటికి అర్థమైంది.

జాబ్ కార్డు రాసేటప్పుడు, “నేను పోసినానని రాయొద్దప్పా. వేంపల్లెలో తలెత్తుకోలేను,” అన్నాడు. కారణం అనే చోట ‘గాలి పెట్టెలో వేరుశనగ నూనె’ అని మాత్రం రాశాను. మేనేజరు రెండుసార్లు చదివి, అది దానంతటదే ఊరిందా అని అడిగాడు. పాత రెండు కార్డుల్లో నేను రాసిన దుమ్ము అబద్ధమని చెప్పి, వాటినీ దిద్దాను. స్కానరు తాళం నా దగ్గరే మిగిలినా, ఎర్రసిరా పేరు నెలాఖరుదాకా బోర్డు మీదే ఉంది. అది న్యాయమే. ఆ తరువాత కారు ఆ జబ్బుతో మళ్ళీ రాలేదు.

నడుము నొప్పితో ముందుగానే ఉద్యోగం మానేసేదాకా ప్రతి జాబ్ కార్డు మీదా, ఏమైనా విప్పారా అనే ప్రశ్న కింద, ఇంకో ప్రశ్న చేత్తో రాసుకునేవాణ్ణి: పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు? వాళ్ళతో మాట్లాడిన తరువాతే స్కానరును దిండ్ల మీంచి లేపేవాణ్ణి.