పితికిపప్పు ఆదెమ్మ

టమోటా రేటెంతని అడుగుతారు. ఎవరి కోడలు ఎవరితో మాటలు మానేసిందో అడుగుతారు. ఇన్నేళ్ళుగా నా పక్కన కూర్చుని కాఫీ తాగుతున్నారు కదా, మన మధ్యే తిరిగిన ఆదెమ్మ ఎవరని ఒక్కరైనా అడిగిన పాపాన పోయారా? గొడ్రాలి ఊసు మనకెందుకు అనుకున్నారు. ఆమె గొడ్రాలు కాదు. ముందు ఆ మాట వినండి.

ఆదెమ్మది కుప్పం వైపు. రాగి చేలల్లో సాళ్ళ మధ్య చిక్కుడు లాంటి అనపకాయలు కాసే ఊరు. కురబలకోట దగ్గరి మునిస్వామికి ఇచ్చి చేశారు. పెళ్ళయిన రెండో చలికాలానికి కడుపుతో ఉంది. ఆ నెలల్లో పితికిపప్పు అంటే ఆమెకు ప్రాణం లాగేసేది. పొద్దున్నే కూర్చుని, నానిన అనపగింజల్ని ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య పితికి, తోలు ఊడబెరికి, గిన్నెడు పప్పు తీసేది ఆమే. వండేదీ ఆమే. మగవాళ్ళు తిని, పిల్లలు తిని, అత్త తిన్నాక ఆమె వంతు వచ్చేసరికి చట్టికి అంటుకున్న పులుసు మిగిలేది. ఇంకో సంగటి ముద్ద అడిగితే, తక్కువ తింటేనే బిడ్డ చిన్నగా ఉంటుంది, కాన్పు సుళువవుతుంది అని అత్త నీతి చెప్పేది. ఆ ముసలమ్మ కోరినట్టే బిడ్డ చిన్నగానే పుట్టింది. పిల్లికూనంత. ఆడపిల్ల. తొమ్మిది రోజులు ఉంది. తర్వాత ఆదెమ్మ కడుపు మళ్ళీ పండలేదు.

ముప్పై ఎనిమిదేళ్ళు గడిచాయి. మునిస్వామి పోయాడు. మరిది ఇంటిని ఆనుకుని ఉన్న గదిలో ఆమె ఒక్కతే ఉండేది. తోడికోడలు రాజేశ్వరి తన కొడుకు లోకేష్‌కు పుంగనూరు పిల్ల శాలినిని తెచ్చుకుంది. పెళ్ళికి ముందు నుంచే ఆ పిల్లకు పొద్దున తినే అలవాటు లేదు. గాలేస్తే పడేటట్టుండేది. కడుపుతో ఉన్న ఐదో నెలలో మదనపల్లెలో పరీక్ష చేయిస్తే రక్తం ఎనిమిదే ఉందన్నారు. మాత్రలు రాసిచ్చి, కడుపునిండా తినమన్నారు. ఆ మాట చెవిన పడిన రోజు నుంచి ఆదెమ్మకు కుదురు లేదు.

అనపకాయల కాలమే. గిన్నెడు పితికిపప్పు వండి తీసుకెళ్ళి ఇచ్చింది. మర్నాడు ఆరా తీస్తే లోకేష్ తిన్నాడట. మళ్ళీ వండింది. అదీ లోకేష్ కంచంలోకే పోయింది. మూడోనాడు గిన్నె శాలిని చేతికిచ్చి, కదలకుండా అక్కడే కూర్చుంది. రాజేశ్వరి మొహం ముడుచుకుంది.

"అక్కా, ఏమీ అనుకోవాకు. కడుపుతో ఉండే పిల్ల తింటాంటే నువ్వట్లా సూడాకు. నీ కండ్లు మంచివి కావని కాదు గానీ..."

"సూడనులే. గోడకు తిరిగి కూసుంటా. సెవులతో దిష్టి తగలదు గదా."

అన్నట్టే గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ రోజే కాదు, ఆ చలికాలమంతా. పొద్దున పితకడం, మగవాళ్ళు భోజనానికి రాకముందే గిన్నె తీసుకెళ్ళడం, పెచ్చులూడిన సున్నాన్ని చూస్తూ వినడం. పులుసు జుర్రే చప్పుడు ఆగిందంటే చాలు, "ఏమే, నిద్దరపోతాండావా?" అనేది.

"తింటాండా పెద్దత్తా, ఊపిరి తీసుకోనీ," అని శాలిని నవ్వేది.

ఒక్కోరోజు గిన్నె ఖాళీ అయినా ఆదెమ్మ లేచేది కాదు. ఇంకా ఏం వింటోందో శాలినికి అర్థమయ్యేది కాదు.

ఎండలు ముదిరాక పుంగనూరులో ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలకు నూరు గ్రాములు తక్కువ. ఆ తూకం ఆదెమ్మ ఊరంతా చెప్పింది. బిడ్డ ఇంటికొచ్చాక మాత్రం గడప దాటి లోపలికి పోలేదు. ఎవరైనా బిడ్డను ఎత్తుకుని బయటికొస్తే, పని ఉన్నట్టు ఆ దారిన నడిచేది.

మళ్ళీ అనపకాయలు వచ్చాయి. ఈసారి పితికింది శాలిని. ఇంట్లో ఎవరూ తినకముందే సంగటి, పప్పు నిండా పెట్టిన కంచం తెచ్చి ఆదెమ్మ ముందు పెట్టింది. బిడ్డను ఆమె ఒళ్ళో పడుకోబెట్టింది.

"తిను పెద్దత్తా. ఇంకా ఎవురికీ పెట్టలా."

రాజేశ్వరి చూసి లోపలికి పోయింది. ఆదెమ్మ బిడ్డ అరికాలు పట్టుకుని చాలాసేపు ఉండిపోయింది. తర్వాత బిడ్డను తల్లికిచ్చి, కంచం తీసుకుని, గోడవైపు తిరిగి తినసాగింది. మధ్యలో చప్పుడు ఆగింది. నిద్రపోతున్నావా అని శాలిని అడగలేదు. వింటూ కూర్చుంది. కాసేపటికి చప్పుడు మళ్ళీ మొదలైంది. కంచంలో మెతుకు మిగల్లేదు.

శివరాత్రి దాటిన వారానికి ఆదెమ్మ పోయింది. అరవై ఒక్క ఏళ్ళు.