గాడిద బతికే ఉందన్న పందెం

శనివారం సాయంత్రం నాలుగూ పదికి టీవీ మీద నీలి గీత చివరికంటా నిండి, గేమ్ డౌన్‌లోడ్ అయిందని రాసి వచ్చింది. ఆ సమయానికి నేను ఆత్మకూరులో మా ఇంట్లో ఆరిన బట్టలు మడతపెడుతున్నాను. ఆ గేమ్ నేను కొన్నది కాదు. నా భార్య ముందుగానే బుక్ చేసి పెట్టింది. విడుదల కాకముందే ఆమె పోయింది. పోయిన తొమ్మిదో నెలలో, ఎవరూ అడగకుండానే, అది దానంతటదే దిగింది.

ఆ వరసలో పాత గేమ్‌లు మూడు. మూడూ ఇద్దరం కలిసి ఆడాం. ఒక అమ్మాయి గాడిదను వెంటబెట్టుకుని దీవులు తిరుగుతూ, పాడుబడ్డ కోటల్లో దారులు వెతుకుతుంది. బటన్లు నొక్కి ఆడించే ప్యాడ్ ఎప్పుడూ నా భార్య చేతిలోనే ఉండేది. దారిలో దొరికే ఉత్తరాలూ శాసనాలూ డైరీలూ ఇంగ్లిషులో ఉంటాయి. వాటిని తెలుగులో పైకి చదవడం నా పని. మూడో గేమ్ చివర వంతెన తెగి గాడిద లోయలో పడిపోయింది.

"చచ్చిపోయినట్టే," అన్నాను.

"చావలా," అంది ఆమె. "శవాన్ని చూపించినారా?"

"నేనెన్ని నవలలు చదివినాను! ఇట్టాంటి జంతువును చివర్లో చంపేస్తారు."

"నువ్వు నవలల్లో పెరిగినావు, నేను గొర్రెల్లో పెరిగినాను. నాలుగు కాళ్ల జీవం అంత సులువుగా చావదు."

పందెం వేసుకున్నాం. ఓడినవాళ్లు నెల రోజులు రాత్రి గిన్నెలు తోమాలి. జవాబు మా టీవీలో, మేము ఆడగా కళ్లతో చూస్తేనే చెల్లుతుంది. ఫోన్‌లో వెతికి చెబితే చెల్లదు. ఆ నియమం పెట్టింది నేనే. కొత్త గేమ్‌లో మొదటి అధ్యాయం చివర గాడిద సంగతి తేలుతుందని ప్రకటనలో ఉంది. నాకు కావలసింది అంతే. ఆమె గెలిచిందో లేదో తెలియాలి.

గేమ్ తెరిచాను. ఉత్తరాలు లేవు, శాసనాలు లేవు. కోట ఉంది కానీ దారి వెతకనక్కర్లేదు. అమ్మాయి ఎవరూ చెప్పకుండానే పరిగెత్తుతుంది. వెనక డప్పు మోగుతుంటుంది. పైనుంచి చుక్కలు జారుతుంటాయి, కొన్ని ఎడమవైపు, కొన్ని కుడివైపు. చుక్క కింది గీతను తాకిన క్షణంలో, డప్పు దెబ్బతో పాటు, ఆ వైపు బటన్ నొక్కాలి. తెరనిండా రంగులు, మెరుపులు. వాటిలో పనికొచ్చేవి ఆ రెండు వరసల చుక్కలే. సాహసం తీసేసి తాళం పెట్టారు. చదివే పని రద్దయింది, వేళ్ల పని మిగిలింది. మా ఇంట్లో వేళ్ల మనిషి పోయి చదివే మనిషి మిగిలాడు.

నాకు తాళం రాదు. భజనలో నేను చప్పట్లు కొడితే పక్కవాళ్లు ఆపేసి నావైపు చూస్తారు. మొదటి పాట పదకొండుసార్లు ఆడాను. పదకొండుసార్లూ అమ్మాయి బురదలో పడింది. గేమ్ నాతో మాట్లాడినవి రెండే మాటలు: 'తొందర', 'ఆలస్యం'. పన్నెండోసారి లేవడానికి ఆ అమ్మాయి కూడా కొంచెం ఆలోచించినట్టు అనిపించింది.

మర్నాడు టీవీకి తగిలించే గేమ్ బాక్సు ఊడదీసి, సంచిలో పెట్టుకుని ఉదయగిరి బస్సెక్కాను. నియమంలో 'మా టీవీ' అని ఉంది. దాన్ని 'మా బాక్సు' అని సవరించుకున్నాను. ఎదుటి పక్షం అభ్యంతరం చెప్పలేదు.

ఉదయగిరిలో మా అత్త ఉంటుంది, నా భార్య తల్లి. గొర్రెలు అమ్మేశాక ఆడవాళ్లకు కోలాటం నేర్పడం పెట్టుకుంది. వరికుంటపాడులో, కొండాపురంలో ఆమె తయారుచేసిన జట్లున్నాయి. కూతురు పోయినప్పటి నుంచి మాత్రం కర్రలు ముట్టలేదు. అది తెలిసే వెళ్లాను.

"ఏంది అబ్బయా, సంచిలో?"

చెప్పాను. పందెం సంగతి కూడా చెప్పాను.

"గాడిద కోసరం ఇంత దూరం వచ్చినావా?"

"అవునత్తా."

"బిడ్డ ఏమనింది?"

"బతికుండాది అనింది."

"మరింక నీకు అనుమానమేంది?" అంటూనే ప్యాడ్ అందుకుంది.

చుక్కలు జారడం మొదలైంది. అత్త కదలకుండా వింది. డప్పు ఒక వరస మోగి ఆగింది. అప్పుడు ఆమె ఆ వరసంతా, ఒక్క దెబ్బ కూడా తప్పకుండా, తిరిగి నొక్కింది. అప్పటికే అమ్మాయి బురదలో ఉంది. మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే.

"అత్తా, అది కొట్టేటప్పుడే నొక్కాల."

"అదెట్టా? గురువు పాడినాక గదా మనం అందుకునేది. మధ్యలో దూరితే మర్యాదేనా?"

"గురువు గాదత్తా, మిషను."

"ముందు ఎత్తుకునేది ఎవురైతే వాళ్లే గురువు. ఇట్టా మధ్యలో కొట్టినదాన్ని నా జట్టులోంచి బయట నిలబెట్టినాను."

ఆమె నేర్పే పద్ధతి అదే. గురువు ఒక వరస పాడాలి, జట్టు పూర్తిగా విని తర్వాత తిప్పి పాడాలి. గేమ్ ఆమెను 'ఆలస్యం' అంటుంటే, ఆమె గేమ్‌ను "ఆగు, ఆగు" అంటోంది. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.

"ఈ పిల్ల ఇంకెన్నిసార్లు పడాల అబ్బయా, పాపం?" అంది చివరికి.

నేను ఆలోచించి అడిగాను: "కోలాటంలో జోడీలు కర్రకు కర్ర తగిలించేటప్పుడు ముందు ఎవరు కొడతారత్తా?"

"ముందేంది, వెనకేంది? ఇద్దరూ ఒకేసారి కొడతారు. లేకుంటే గాలిని కొట్టినట్టే."

"అయితే ఇది గురువు గాదు. నీ జోడీ."

ఆమె టీవీని కాసేపు ఎగాదిగా చూసింది. "ఆ మాట ముందే చెప్పొద్దా?" అంది.

ప్యాడ్ నేలమీద పెట్టి, రెండు చూపుడు వేళ్లు కర్రల్లా నిలబెట్టి, కళ్లు మూసుకుంది. ఎడమ చుక్కకు డప్పు ఒక రకంగా, కుడి చుక్కకు ఇంకో రకంగా మోగుతుందని నేను అప్పటిదాకా గమనించనే లేదు. అమ్మాయి బురద దాటింది, గోడ దాటింది, కోట దాటింది. మూడు పాటలతో మొదటి అధ్యాయం అయిపోయింది. తెరమీద బాణసంచా కాల్చారు. అత్త దాన్ని చూడలేదు. నాకు అది నచ్చింది.

అప్పుడు తెరమీద ఒక కాగితం విచ్చుకుంది. ఉత్తరం! అలవాటు కొద్దీ లేచి నిలబడి తెలుగులో పైకి చదివాను: "మీ గాడిద మా ఊళ్లో ఉంది. కుంటుతోంది. మేత ఎక్కువ తింటోంది. వచ్చి తీసుకుపొండి."

ఇంత మంచి వచనం నేను ఈ మధ్య చదవలేదు.

"గెలిచింది," అన్నాను.

"నేను చెప్పలా? శవాన్ని చూడందే చచ్చిందని..." అని అత్త ఆగిపోయింది.

"అంట్లగిన్నెలు ఎక్కడున్నాయత్తా?" అని అడిగాను.

"అల్లుడు గిన్నెలు తోమితే వీధిలో ఏమనుకుంటారు అబ్బయా?"

"పందెం ఓడినాడనుకుంటారు."

గేమ్ బాక్సు ఉదయగిరిలోనే వదిలేసి వచ్చాను. కోలాటానికి కొత్తగా వచ్చినవాళ్లను అత్త మొదట దాని ముందు కూర్చోబెడుతోంది. ఇక్కడ ఆత్మకూరులో నేను పందెం చెల్లించడం మొదలుపెట్టాను. తొమ్మిది నెలలుగా గిన్నెలు తోముకునేది ఎలాగూ నేనే కాబట్టి, మొదటి రాత్రి ఓడినట్టే అనిపించలేదు. అందుకని అరమీద ఉన్న ఆమె కంచం, గ్లాసు కూడా తీసి, నెల రోజులూ వాటినీ తోమి పెట్టాను.

నెల పూర్తయింది. మా ఇంట్లో ఇప్పుడు పందేలు వేసుకోవడం లేదు.