సిక్స్టెన్ కారు కొట్టానికి చేరిన తీరు

అక్టోబరు ఆఖరి ఆదివారం పొద్దున, రెండో కప్పు కాఫీ సగంలో ఉండగా, సిక్స్టెన్ ఫోన్లో ఒక మీట నొక్కి తన డెబ్బై నాలుగేళ్ళ బతుకులోకెల్లా పెద్ద తెలివితక్కువ పని చేశాడు. తన కారును ఆ రోజు నుంచి రోడ్డెక్కని బండిగా సర్కారు దస్తరంలో రాయించేశాడు. చలికాలం ఆరు నెలలూ పన్నూ బీమా తప్పించుకోవడానికి, ఆ చుట్టుపక్కల పాత అమెరికా కార్లున్న వాళ్ళందరూ ఏటా చేసే పనే అది. కాకపోతే వాళ్ళు కారును కొట్టంలో పెట్టి వచ్చాక నొక్కుతారు. సిక్స్టెన్ కారు ఇంకా వాకిట్లోనే ఉంది. కొట్టమేమో ఆరు కిలోమీటర్ల అవతల, యెర్కర్ అనే రైతు పొలంలో ఉంది.

"నమోదైంది" అని ఫోన్ చెప్పింది. సిక్స్టెన్ తృప్తిగా తలాడించి, యాలకుల రొట్టె ఒక ముక్క కొరికి, కిటికీలోంచి తన పిస్తా రంగు కారు వైపు చూశాడు. ఆ ముక్క నోట్లోనే ఉండిపోయింది.

"ఏమయ్యా, పన్ను నొప్పా?" అంది భార్య గుడ్రున్.

"పన్ను కాదు, బుర్ర. నొప్పి కాదు, అసలు లేదు."

సంగతి విని గుడ్రున్ కప్పు కింద పెట్టి మరీ నవ్వింది. "ఆరు కిలోమీటర్లే కదా! ఆదివారం పూట ఈ అడవిలో పోలీసు ఎక్కడ చచ్చాడు? ఏమీ ఎరగనట్టు నడుపుకుపో."

"నేనా?" అన్నాడు సిక్స్టెన్.

ఆ ఒక్క ముక్కలో అతని చరిత్రంతా ఉంది. ముప్పై నాలుగేళ్ళు అతను బండ్ల తనిఖీ కేంద్రంలో పనిచేశాడు. చిటికెన వేలు దూరే తుప్పు రంధ్రం కనిపించినా కాగితం మీద ఎర్ర గుర్తు పెట్టి వెనక్కి పంపేవాడు. సొంత బావమరిది బండిని రెండుసార్లు పంపాడు, చర్చి పాస్టరు బండిని మూడుసార్లు పంపాడు. రిటైరయ్యాక ఆ బుద్ధి పాత కార్ల సంఘం మీద పడింది. ఏటా సెప్టెంబరులో, చలికాలానికి కారును ఎలా సర్దాలో పదకొండు సూత్రాలు రాసిన కాగితం పట్టుకుని గంటన్నర ఉపన్యాసం ఇచ్చేవాడు. నూనె మార్చండి, ట్యాంకు నిండా పెట్రోలు పోయండి, బ్యాటరీ ఇంటికి తెచ్చుకోండి, ఎలుకలు దూరకుండా పొగగొట్టంలో ఇనుపపీచు కుక్కండి. పదకొండోది అందరి చేతా పైకి చెప్పించేవాడు: ముందు కొట్టంలోకి బండి, తర్వాతే దస్తరంలోకి కాగితం. ఎదుటివాడికి చెప్పేటప్పుడు నీతులు ఎంత చక్కగా గుర్తుంటాయో!

మళ్ళీ రోడ్డు బండిగా రాయించుకుందామంటే, ముందు బీమా వాళ్ళు ఒప్పుకోవాలి. ఆదివారం వాళ్ళు ఫోనెత్తరు. రేపటికి మంచు అన్నారు. మంచు పడితే రోడ్డు మీద ఉప్పు చల్లుతారు, ఉప్పు తగిలిన ఇనుము ఏమవుతుందో సిక్స్టెన్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. పైగా యెర్కర్ మధ్యాహ్నం మూడింటికి కొట్టం తలుపు మూసేస్తే మే నెల దాకా తీయడు.

ఇవన్నీ పైకి చెప్పుకునే కారణాలు. అసలు బాధ వేరే. పదిహేను రోజుల కిందట కళ్ళ డాక్టరు అతని ముందు చుక్కల బొమ్మ పెట్టి, ఎడమ పక్కన అతనికి కనబడని చోటు ఎంతుందో గీసి చూపించింది. "నెలాఖరుకి లైసెన్సు అప్పగించేయండి. ఈలోపు పట్టపగలు, తెలిసిన దారిలోనే నడపండి" అంది. ఆ మాట సిక్స్టెన్ గుడ్రున్‌కి చెప్పలేదు. కొట్టం దాకా వెళ్ళే ఆ ఆరు కిలోమీటర్లే తన ఆఖరి ప్రయాణమని, సరస్సు ఒడ్డు మీదుగా చుట్టుదారిలో మెల్లగా పోవాలని లోపల్లోపల దాచుకున్నాడు. రాత్రంతా ఆ దారే తలుచుకుంటూ పడుకున్నాడు. పొద్దున మనసు ఆ సరస్సు ఒడ్డున తిరుగుతుంటే, ఇరవై ఏళ్ళ అలవాటున్న వేలు దాని పని అది చేసుకుపోయింది.

"నన్ను గాడిద అని తిట్టేవాడు నా ముఖం మీదే తిట్టనీ" అనుకుంటూ యెర్కర్‌కి ఫోన్ చేశాడు.

సంగతంతా విని యెర్కర్ అడిగాడు. "పదకొండో సూత్రం ఏంటి సిక్స్టెన్? నేను రాసుకోలేదు."

"నోరు మూసుకుని ట్రైలర్ తీసుకురా."

"మూసుకుంటే ఊళ్ళో వాళ్ళకి ఎలా చెప్పను ముసలోడా?"

చెప్పాడు కూడా. తవ్వుడు యంత్రాన్ని మోసే ట్రైలర్‌ని ట్రాక్టర్‌కి తగిలించుకుని వచ్చి, ఇనుప తాడుతో కారును పైకి లాగి కట్టేసరికి, రోడ్డు పక్కన జనం చేరిపోయారు. ట్రాక్టర్ గంటకి పాతిక కిలోమీటర్ల వేగంతో కదిలింది. దాని వెనక గుడ్రున్ తన చిన్న కారు నడుపుతుంటే, పక్కన సిక్స్టెన్ టోపీ కళ్ళ మీదకి లాక్కుని కూర్చున్నాడు. చర్చి నుంచి వస్తున్న వాళ్ళు ఆగి చేతులూపారు. పల్లకీలో పెళ్ళికూతురు ముందు పోతుంటే, తండ్రి వెనకాల సామాన్ల బండిలో పోతున్నట్టుంది.

దుకాణం ముందు ఎవర్ట్ నిలబడి ఉన్నాడు. కారు సీట్లో సగం తిన్న శాండ్‌విచ్ మరిచిపోయి, సీట్లు ఎలుకల పాలు చేసుకున్నవాడు. ఆరేళ్ళుగా సిక్స్టెన్ ఉపన్యాసంలో అతని పేరు లేకుండా ఆ కథ వస్తుంది, అతని పేరు అందరికీ తెలుసు.

"సిక్స్టెన్! వచ్చే ఏడు ఉపన్యాసం నేనివ్వనా?" అని అరిచాడు ఎవర్ట్.

"అద్దం దించు" అన్నాడు సిక్స్టెన్ భార్యతో. దించింది. "ఇవ్వు! నా పేరు చెప్పే ఇవ్వు!" అని తనూ అరిచాడు. ఎవర్ట్ నవ్వుతూ తన బండెక్కి వెంటపడ్డాడు.

ట్రాక్టర్ సరస్సు వైపు తిరగకుండా తిన్నగా పోయింది. నీళ్ళు కనబడే మలుపు కుడి పక్కన వెనక్కి వెళ్ళిపోయింది. సిక్స్టెన్ మెడ తిప్పి, అది కనబడినంతసేపూ చూశాడు. ఆఖరి ప్రయాణం ఇలా అవుతుందని అతను అనుకోలేదు.

పొలం గేటు దాటగానే యెర్కర్ ట్రాక్టర్ ఆపి, కారును కిందికి దించాడు.

"ఇక్కడి నుంచి కొట్టం దాకా నా నేల. సర్కారు రోడ్డు గేటు అవతలే ఆగిపోయింది. నడుపుకో" అన్నాడు.

సిక్స్టెన్ ఎక్కి తాళం తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి ఆరిపోయింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ దగ్గింది. అప్పుడు గుర్తొచ్చింది. నిన్న సాయంత్రమే పొగగొట్టంలో ఇనుపపీచు కుక్కాడు. ముగ్గురూ చూస్తుండగా వెనక్కెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, పిడికెడు పీచు బయటికి లాగాడు. ఎవరూ ఒక్క మాటా అనలేదు. అంటేనే నయంగా ఉండేది.

గేటు నుంచి కొట్టానికి మూడు వందల మీటర్లు. బార్లీ కోసేసిన చేను చదునుగా, గట్టిగా ఉంది. సిక్స్టెన్ తిన్నగా పోలేదు. చేను చుట్టూ ఒకసారి తిరిగాడు, కుడి చేతి వైపుకే తిప్పుతూ ఇంకోసారి తిరిగాడు. గట్టున పిట్టలు లేచాయి. పెద్ద ఇంజను అదురు కాళ్ళకి సన్నగా తగులుతుంటే, చాలు, ఇదే చాలు అనిపించింది. నిజానికి చాలలేదు. మూడోసారి కూడా తిరిగాడు.

కొట్టం ముందు ఆగాడు. మిగిలింది ఒక్క చోటే. కుడి పక్కన గోడ, ఎడమ పక్కన ముందే వచ్చి చేరిన ఎవర్ట్ పాత ఎర్ర కారు. వెనక్కి నడిపి పెట్టాలి. అటూ ఇటూ మూరెడు సందు. ఏనుగు వెళ్ళి తోక చిక్కిందంటే ఇదే. సిక్స్టెన్ ఎడమ అద్దంలోకి చూశాడు. ఎర్ర కారు ఉండాల్సిన చోట అతనికి ఏమీ కనబడలేదు.

ఇంజను ఆపి దిగాడు.

"గుడ్రున్, నువ్వు పెట్టు."

ఆ కారు కొన్న ఇరవై ఏడేళ్ళలో దాని స్టీరింగు ఆమె చేతికి ఒక్కసారీ ఇచ్చిన పాపాన పోలేదు అతను. ఆమె నవ్వలేదు.

"ఏమైంది?"

"ఎడమ పక్క నాకు కనబడటం లేదు. ఎల్లుండి లైసెన్సు ఇచ్చేయాలి. ఇది ఆఖరుసారి. దాన్నీ నా వేలితో నేనే నొక్కి పారేసుకున్నాను." ఎవర్ట్, యెర్కర్ వింటున్నారని తెలిసే చెప్పాడు.

గుడ్రున్ కోటు విప్పి అతని చేతికిచ్చి ఎక్కింది. సీటు ముందుకి జరుపుకుంది. అద్దం సరిచేసుకుంది. ఒకే ఒక్కసారి, ఆగకుండా, ఆ పొడుగాటి కారును వెనక్కి నడిపి గోడకీ ఎర్ర కారుకీ మధ్యలో పెట్టేసింది. ఎవర్ట్ టోపీ తీశాడు.

ఆమె సందులోంచి పక్కకి తిరిగి బయటికొచ్చింది.

"మే నెలలో నేనే తీస్తాను. సరస్సు ఒడ్డున పోదాం. నువ్వు పక్కన కూర్చుని తప్పులు పట్టు" అంది.

సిక్స్టెన్ కళ్ళు తుడుచుకుని, వంగి, చక్రాల వంక చూశాడు.

"రెండు వేళ్ళ మందం వంకరగా పెట్టావు" అన్నాడు.