హేమసుందర్ గారి జతల పిచ్చి

హేమసుందర్ గారికి లోకంలో ఏదీ ఒంటిగా కనిపించకూడదు. ఆ సంగతి నాగలక్ష్మికి కంకిపాడు దాటాక తెలిసింది.

రెండువేల ఐదు, వానాకాలం. బందరు బస్సులో ఆవిడ ఒళ్లో పాతచీర చుట్టిన సీపీయూ. పక్కసీటు పెద్దమనిషి ఒళ్లోనూ ఇంకో సీపీయూ. జాతకాలు కలవని వాళ్లనైనా కలిపి కూర్చోబెట్టే ఘనత మన బస్సు కండక్టర్లది. పురోహితులకి కూడా అంత ధైర్యం ఉండదు.

"దానికేం జబ్బమ్మా?" అన్నారాయన.

"నత్తనడకండీ. పామర్రులో మాది ఫొటో స్టూడియో. కూచిపూడి డాన్సు స్కూలు ఆల్బమ్ రేపు పొద్దున్నే ఇవ్వాలి. ఇవ్వకపోతే ఇక వాళ్ల పనంతా గుడివాడ వాళ్లకే. బొమ్మ తెరవవే అంటే ఇది నా మొహం చూస్తూ కూర్చుంటుంది. గవర్నర్‌పేటలో చూపిస్తే కొత్తది కొనుక్కోమన్నారు."

"లోపల ర్యామ్ ఒంటిదా, జతా?"

"నాకేం తెలుసండీ! మావారుండగా ఆయనే చూసుకునేవారు."

హేమసుందర్ గారు తన సీపీయూని ఆవిడదాని పక్కకి జతగా జరుపుకున్నారు.

ఉయ్యూరులో బస్సాగింది. "రెండు హాఫ్ టీలు!" అన్నారాయన.

"ఎవరెవరికండీ?"

"రెండూ నాకే."

"ఫుల్ ఒకటి ఇస్తాగా!"

"ఒకటొద్దయ్యా. రెండు హాఫులు."

చెప్పు ఒకటి తెగితే రెండోదాన్నీ సాగనంపేస్తారట. ఒక్క ఇడ్లీ తింటే కడుపు కుంటుతుందట.

"పెళ్లయిందాండీ మీకు?" నవ్వాపుకోలేక అడిగేసింది నాగలక్ష్మి.

"లేదమ్మా. ఆ జతొక్కటే కుదర్లా," అని రెండో గ్లాసు అందుకున్నారు.

పామర్రులో ఆవిడతోపాటు ఆయనా దిగారు.

"బందరన్నారు కదండీ?"

"రోగిని చూశాక వైద్యుడు బస్సులో కూర్చుంటాడా?"

స్టూడియోలో మూత విప్పగానే ఆయన ప్రాణం గిలగిల్లాడింది. "చూశావా? నీలం స్లాట్లు రెండుంటే ర్యామ్ ఒకదాంట్లోనే! కావడికి ఒకవైపే కుండ కట్టి నడవమంటే నడుస్తుందా? పైగా దీనికి గ్రాఫిక్స్ కార్డు లేదు, బొమ్మలు కూడా ఈ కుండలోంచే తాగాలి. అదే కొలతది రెండో స్లాట్లో పడిందా, రెండు దారులూ ఒకేసారి పారతాయి."

"పామర్రులో అదెక్కడ దొరుకుతుందండీ?"

"నా దగ్గరొకటి ఊరికే పడుంది," అంటూ ఆయన గోడవైపు తిరిగి ఏదో కెలికారు. తెచ్చి ఆవిడదాని రెండో స్లాట్లో గుచ్చి స్విచ్చి వేశారు.

అంతే. గజ్జెలు కట్టిన పిల్లలు తెరమీదకి బిలబిలా వచ్చేశారు. నాగలక్ష్మి గట్టిగా నవ్వింది. తన నవ్వు గోడలకి తగిలి తిరిగొస్తే, ఆ గదిలో నవ్వు విని ఎన్నాళ్లయిందోననుకుంది.

దారికడ్డంగా ఉన్న ఆయన సీపీయూ పక్కకి జరపబోతే మూత జారిపోయింది. లోపల ఒక నీలం స్లాటు ఖాళీ.

"ఏవండీ! ఇది మీదాంట్లోదా? ఇప్పుడిది ఒంటిదైపోలా?"

"దానికేమమ్మా, నేనున్నాగా!"

జారిన స్క్రూ ఎక్కడో బల్లకింద దొర్లింది. ఆవిడ వంగి వెతికి, తీసుకుని లేచేసరికి కుర్చీ ఖాళీ. వాకిట్లోకి పరుగెత్తింది.

"హేమసుందర్ గారూ! స్క్రూ!"

ఆయన వెనక్కి తిరగలేదు. సీపీయూని కాసేపు ఈ భుజానా కాసేపు ఆ భుజానా మోస్తూ, దేనికీ లోటు రాకుండా వంతులేస్తూ, బస్టాండు వైపు వెళ్లిపోతున్నారు.